శుక్రవారం మొరాయించిన ప్యాకేజీ

మా ఇంట్లో నాకు అనుమానాల మనిషి అని పేరు. తాళం వేసి లాగి చూస్తాను, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగుతాను. పాలవాడి మీద అనుమానం, గ్యాసు బండ తెచ్చేవాడి మీద అనుమానం. "నీ నీడని కూడా నమ్మవు కదే నువ్వు" అని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు. నిజమే. కానీ పిల్లలూ, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు అన్నం పెట్టింది ఈ పాడు గుణమే.

మీరిప్పుడు ఎక్కడో ఉన్నవాడు రాసిన ప్రోగ్రాము దించుకుని, దానికి మీ ముక్క కలిపి, మళ్ళీ అందరికీ పంచుతున్నారు. ఓపెన్ సోర్స్ అంటున్నారు. ఎనభైల చివర్లో మేమూ ఆ పనే చేశాం. కాకపోతే మాకు ఆ పేరు తెలియదు, నెట్టూ లేదు. ఎర్రబస్సులున్నాయి.

గుంటూరుకి కాస్త ఎడంగా, పత్తిచేల మధ్య కొత్తగా లేచిన ఇంజినీరింగు కాలేజీలో కంప్యూటరు సెంటరు నా చేతిలో ఉండేది. ఏసీ పెట్టింది మెషీన్ల కోసమే, మాకోసం కాదు. కిటికీ తెరిస్తే కల్లాల్లో ఎండుమిరపకాయల ఘాటుకి తుమ్ములే తుమ్ములు. అక్కడ కూర్చుని బడులకీ కాలేజీలకీ పనికొచ్చే నాలుగైదు ప్రోగ్రాములు రాశాం. హాజరు, మార్కులు, టైంటేబుల్, అలాంటివి. అన్నీ కలిపి ప్యాకేజీ అనేవాళ్ళం. ఖాళీ ఫ్లాపీ తెచ్చుకున్నవాళ్ళకి ఉచితంగా ఎక్కించి ఇచ్చేవాళ్ళం. షరతులు రెండే. ఎవరైనా తప్పు దిద్దితే ఆ దిద్దిన ముక్క మాకు పంపాలి. ఎవరూ అమ్ముకోకూడదు.

ముక్కలు పంపేవాళ్ళు అక్కడక్కడా తయారయ్యారు. ఎవరికీ జీతం లేదు, అయినా పట్టుదలలకేం తక్కువ లేదు. పొన్నూరులో ఒక లెక్కల లెక్చరరు గారుండేవారు. అడిగిన తప్పు దిద్దేవారు కాదు, అడగనివి పది మార్చేవారు. మార్టూరులో గ్రానైటు పాలిషింగు ఫ్యాక్టరీ లెక్కలు చూసే ఆయన ఇంకొకరు. కూతురి బడి కోసమని ఇందులో దిగాడు. మెరుపులాంటి బుర్ర, కానీ రాసింది ఒక్కసారి కూడా నడిపి చూడకుండా పంపేసేవాడు. ఒకాయన ముక్క కలిపితే రెండో ఆయన అలిగేవాడు. "ఆయన మార్టూరు రాళ్ళ దుమ్ము ప్రోగ్రాములో కూడా పోస్తున్నాడండీ మేడమ్ గారూ" అని ఈయన. "పొన్నూరు మాస్టారికి చేతులు ఊరుకోవక్కాయ్" అని ఆయన. ఇద్దరికీ సర్దిచెప్పి పని చేయించుకోవడం ముందు ప్రోగ్రాము రాయడం చాలా తేలిక.

ఫ్లాపీలు అప్పట్లో అప్పడాలంత ఉండేవి. పోస్టులో వేస్తే ముద్ర గుద్దే దెబ్బకి చచ్చేవి. అందుకని రెండు అట్టముక్కల మధ్య పెట్టి, దారం కట్టి, బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్ళం. ఒకసారి పాపం ఒక కండక్టరు భద్రంగా ఉంటుందని ఇంజను మూత మీద పెట్టాడు. మాకు చేరేసరికి నిజంగానే వేయించిన అప్పడమైంది.

వచ్చిన ప్రతి ముక్కనీ నేను విడిగా ఒక మెషీన్‌లో నడిపి, పనిగట్టుకుని తప్పుడు సమాచారం ఇచ్చి, పడగొట్టడానికి చూసి, పడకపోతేనే అసలు ప్యాకేజీలో కలిపేదాన్ని. పంపింది ఎవరైనా సరే, ముందు అనుమానం, తర్వాతే మర్యాద.

నాకు సాయంగా ఒక కుర్ర లెక్చరరు ఉండేవాడు, జూనియర్ అనేదాన్ని. టెంపరరీ పోస్టు. పక్క ఊరి పాలెం నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. వాళ్ళమ్మ మిరపకోతలకు వెళ్ళి చదివించింది. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తాడని తర్వాతెప్పుడో తెలిసింది, మనిషి అంత గుట్టు. ఆ ఏడాది అతని ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఆ కాగితం మా కరస్పాండెంట్ గారి బల్ల మీదే ఉంది.

కరస్పాండెంట్ అంటే మా కాలేజీకి సర్వాధికారి అన్నమాట. మంచి గంధం బొట్టు, ఇస్త్రీ పంచె, మాటకి ముందు "అమ్మా" అనేవారు. పంచాంగం చూడకుండా కాలు బయట పెట్టేవారు కాదు. వారి గదిలోనూ ఒక కంప్యూటరు ఉండేది, ఎక్కువగా గుడ్డ కప్పుకుని ఉండేది. ఒకరోజు పిలిచారు.

"అమ్మా, మన ప్యాకేజీలో రాహుకాలం పెట్టండి. ఆ సమయంలో ఎవరైనా కొత్త ఎంట్రీ మొదలెడితే ఆపి చెప్పాలి."

"సార్, మిషన్ స్కూళ్ళ వాళ్ళు కూడా వాడుతున్నారు సార్. అందరి మీదా రుద్దితే బాగుండదు. ప్యాకేజీలో కలపలేను."

"రాహువుకి మతమేంటమ్మా?"

"ప్యాకేజీకి కూడా లేదు సార్."

అనేశానే గానీ నాలుక కొరుక్కున్నాను. ఆయన మొహం ముడుచుకుంది. చివరికి రాజీకి వచ్చి, వారి గదిలో, వారి కంప్యూటరు మీదే, వారి ఒక్కరి ఫ్లాపీలో ఆ ముక్క పెట్టిచ్చాను. ఏ రోజుకి ఆ రోజు రాహుకాలం వేళలు వారే చదివారు, నేను కొట్టాను. ఆ సమయంలో కొత్త పని మొదలెడితే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట, "రాహుకాలం. కాసేపు ఆగండి" అని వచ్చి మెషీన్ కూర్చుండిపోతుంది. నాకు ఎంత సిగ్గేసిందంటే, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, జూనియర్‌కి కూడా. నా దగ్గర దాని కాపీ కూడా ఉంచుకోలేదు. ఆ తర్వాత దాన్ని మర్చేపోయాను.

కొన్నాళ్ళకి పొన్నూరు మాస్టారు ఆవేశంగా దిగారు. చేతిలో మెరిసే అట్టపెట్టె. గుంటూరులో ఒక కంప్యూటర్ల షాపు వాళ్ళు అమ్ముతున్నారట, స్కూళ్ళకి ప్రత్యేకం అని. తెరిచి నడిపాం. మొదటి తెర మీద మా అందరి పేర్లూ పోయి షాపు పేరుంది. మిగతాదంతా మాదే.

"చూశారా మేడమ్ గారూ! ఊరికే రాసిచ్చిన వెధవలం మేము, అమ్ముకునేవాడు వాడూ! దొంగెవరో తేలేదాకా నేను ఇంకొక్క అక్షరం పంపను. మార్టూరాయన కూడా అదే మాటన్నాడు. జీవితంలో మొదటిసారి మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది."

నేను ఇంకో సంగతి చూశాను. అంతకుముందు నెలలో ఇదే మాస్టారు రోల్ నంబర్ల తప్పొకటి దిద్ది పంపారు. దాన్ని నేను పరీక్షించి కలిపానే గానీ ఇంకా ఎవరికీ పంచలేదు. ఆ దిద్దుబాటు షాపు ఫ్లాపీలో ఉంది. అంటే అది బయటివాళ్ళు తీసుకెళ్ళిన కాపీ కాదు. మా కాలేజీలోంచి పోయింది.

ఫ్లాపీలుండే నా బీరువాకి తాళంచెవులు రెండే, నా దగ్గరొకటి, జూనియర్ దగ్గరొకటి.

మాస్టారు స్టాఫ్ రూములోనే గోల పెట్టడంతో సంగతి కరస్పాండెంట్ గారి దాకా పోయింది. పిలిచి కూర్చోబెట్టారు. చాలా బాధపడ్డారు. "కాలేజీ పరువు పోయిందమ్మా" అని రెండుసార్లు అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మీ దగ్గర పనిచేసే కుర్రాడు ఆ షాపుకి తరచూ వెళ్తాడంటగా?" అన్నారు.

"ప్రింటరు రిబ్బన్లు కొనడానికి నేనే పంపుతాను సార్."

"మీరు పంపేది రిబ్బన్లకే. వాడు వెళ్ళేది దేనికో. ఎక్కడినించి వచ్చాడో కూడా చూసుకోవాలి కదమ్మా. లేనివాడి చెయ్యి ఊరుకోదు. శుక్రవారం షాపు ఆయన్నే పిలిపిస్తాను, మొహం మీద తేల్చేద్దాం. వాడేనని తేలితే పోలీసుల దాకా వద్దులెండి, పంపించేద్దాం."

పంపించేయడమంటే ఏమిటో నాకు తెలుసు. దొంగ అని ముద్రపడి బయటికెళితే గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ కాలేజీ గుమ్మమూ అతన్ని ఎక్కనివ్వదు. వాళ్ళమ్మ మళ్ళీ కోతలకే.

అలాగని నేనేమీ అతని తరఫున నిలబడిపోలేదు. నాకూ అనుమానమే. ఈ మధ్య నా మొహంలోకి చూడటం లేదు. నేను గదిలోకి వస్తే మాట ఆపేస్తున్నాడు. ఒకరోజు తలుపు మూసి అడిగేశాను.

"నువ్వు ఇచ్చావా?"

అతను కీబోర్డు వంకే చూశాడు. "లేదు మేడమ్."

"మరి నా మొహం చూడవెందుకు?"

"అందరూ నన్నే చూస్తున్నారు మేడమ్. నేనెవరి మొహం చూడను?" కీబోర్డు మీద గుడ్డ కప్పాడు. "ప్యూన్ కూడా నేను వెళ్ళాక బల్ల సొరుగు లాగి చూసుకుంటున్నాడు."

తలుపు తీసుకుని బయటికొచ్చేశాను. నమ్మానా అంటే నమ్మలేదు. నమ్మలేదా అంటే అదీ కాదు. ఆ వారమంతా పొన్నూరు మాస్టారి మీదా అనుమానపడ్డాను. పెట్టె తెచ్చింది ఆయనే కదా, గుమ్మడికాయ దొంగ తనే వచ్చి భుజాలు తడుముకున్నాడేమో! మార్టూరాయన ఒకసారి సెంటరుకి వచ్చి నేను లేనప్పుడు అరగంట కూర్చున్నాడు, ఆయన మీదా పడ్డాను. అసలు నేనే ఎక్కడన్నా ఫ్లాపీ మర్చిపోయానేమో అని నా సంచీ నేనే తలకిందులు చేసి దులిపాను.

బుధవారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. తెల్ల నేత చీర, భుజాన గుడ్డసంచి, వినుకొండ దగ్గర మిషన్ బడికి హెడ్ మిస్ట్రెస్. వస్తూనే గట్టిగా అందుకున్నారు.

"ఏమ్మా, మీ కంప్యూటరు శుక్రవారం ఉపవాసముంటుందా?"

"అర్థం కాలేదండీ టీచరమ్మ గారూ."

"మా బడికి దాతలెవరో కంప్యూటరిచ్చారు. గుంటూరు షాపులో మార్కుల ప్రోగ్రాము కొన్నాం. మాకు శుక్రవారం పొద్దున ప్రార్థన, ఆ తర్వాత పదకొండింటికి మార్కులు ఎక్కిస్తాం. ఎక్కిద్దామని కూర్చుంటే చాలు, రాహుకాలం, కాసేపు ఆగండి అంటుంది! పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. పాస్టరు గారు చూసి, ఏమ్మా, బడిలో పంచాంగం ఎప్పటినుంచి అన్నారు. షాపువాడికి చెబితే, ఆపి మళ్ళీ వెయ్యండి అంటాడు. ఎన్నిసార్లు వేసినా రాహువు రాహువే! రాసినవాళ్ళు మీరేనని షాపు దగ్గర కనిపించిన పొన్నూరు మాస్టారెవరో చెప్పారు. మా మీద మీకేం పగమ్మా?"

నేను కుర్చీలో కూలబడ్డాను. ఆవిడ కంగారుపడి, "ఏమైందమ్మా, మంచినీళ్ళు తాగుతావా" అని సంచీలోంచి సీసా తీశారు.

నీళ్ళు తాగుతుంటే ఒక్కొక్కటే అతుక్కుంది. ఆ మాట ఈ భూమ్మీద ఒక్క ఫ్లాపీలోనే ఉంది. అది కరస్పాండెంట్ గారి సొరుగులో ఉంది, దాన్ని ఎక్కించినప్పటికి మాస్టారి దిద్దుబాటు కూడా ప్యాకేజీలో కలిసే ఉంది. షాపువాళ్ళు మా పేర్లన్నీ వెతికి వెతికి చెరిపారు, దీన్ని మాత్రం చూడలేదు. ఎందుకు చూడలేదు? రాహుకాలంలో వాళ్ళు కొత్త పని మొదలెట్టరు. ఇచ్చినాయన మొదలెట్టరు, తీసుకున్నాయనా మొదలెట్టడు. అంత నిష్ఠగల చోట ఆ మాట తెర మీదికి వచ్చే అవకాశమే లేదు. ఆ వేళల పట్టింపు లేని మిషన్ బడికి చేరితే గానీ రాహువు బయటపడలేదు.

నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఆయన నా జీతం మీద సంతకం పెట్టే మనిషి.

"టీచరమ్మ గారూ, శుక్రవారం ఆ ఫ్లాపీ తీసుకుని ఇంకొక్కసారి వస్తారా? పన్నెండు దాటాక మీటింగు. ఇదే మాట అక్కడ చెప్పాలి."

"ఇంత దూరం మళ్ళీనా?"

"ఒక అబ్బాయి ఉద్యోగం పోతుందండీ."

ఆవిడ "వస్తాలే" అని సంచీ భుజాన వేసుకున్నారు.

కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. జూనియర్‌కి చెబితే ఆశ మొహంలో కనిపించిపోతుందని భయం. ఇంట్లో మా ఆయనకి చెబితే, "నీకెందుకే ఆ గొడవ? పెద్దవాళ్ళతో పెట్టుకుంటే రేపు నీ ఉద్యోగానికే ఎసరు" అన్నారు. ఆయనన్నదాంట్లో తప్పు లేదు.

శుక్రవారం మీటింగు మా సెంటరులో, పన్నెండింటికి రాహుకాలం పోయాక పెట్టారు, ఎందుకో మీకు తెలుసుగా. కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్, పొన్నూరు మాస్టారు, మార్టూరాయన, నేను. ఒక మూల నిలబడి జూనియర్. కూర్చోమని ఎవరూ అనలేదు. షాపు ఆయన వేళ్ళకి ఉంగరాలతో వచ్చి కరస్పాండెంట్ గారి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"చెప్పండి, మీకు ఈ ప్రోగ్రాము ఎవరిచ్చారు?" అన్నారు కరస్పాండెంట్ గారు.

షాపు ఆయన మూలకి వేలు చూపించాడు. "ఈ అబ్బాయేనండి. రిబ్బన్లకొచ్చినప్పుడు ఇచ్చాడు. కాలేజీవాళ్ళే పంపారనుకున్నానండి."

"అబద్ధం సార్!" అని జూనియర్ ఒక్క కేక పెట్టాడు. మార్టూరాయన తల దించుకున్నాడు.

"ఇంకేముందమ్మా, తేలిపోయిందిగా" అన్నారు కరస్పాండెంట్ గారు నావైపు తిరిగి.

"ఒక్క ఐదు నిమిషాలు సార్. షాపులో కొన్నవాళ్ళలో ఒకావిడ ఫిర్యాదు తెచ్చారు. అది కూడా ఈయన ముందే చూసేద్దాం" అని బయట కూర్చున్న టీచరమ్మ గారిని పిలిచాను. ఆవిడ ఫ్లాపీ తీసి ఇచ్చారు. మెషీన్‌లో పెట్టాను. ఆ రోజుల్లో మెషీన్ లేవగానే తారీఖూ టైమూ మనల్నే అడిగేది. ఆనాటి తారీఖు కొట్టాను. టైము దగ్గర పదకొండు అని కొట్టాను.

"అదేంటమ్మా, పన్నెండు దాటిందిగా?"

"వాళ్ళకి పదకొండింటికే మొరాయిస్తోందంట సార్."

మార్కుల పని మొదలెట్టాను. తెర మీద ఆ మాట వచ్చి కూర్చుంది.

"ఇదే! ఇదేనమ్మా!" అని టీచరమ్మ గారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. ప్రిన్సిపాల్ ముందుకు వంగి, కూడబలుక్కుని పైకే చదివారు. పొన్నూరు మాస్టారు నావైపు చూసి, "రాహుకాలమా? ఇది ఎవరి ముక్క మేడమ్ గారూ? నేను పంపలేదే!" అన్నారు.

నేను కరస్పాండెంట్ గారి వైపు తిరిగాను. దొంగ మీరే అనే ధైర్యం నాకు లేదు, అబద్ధమెందుకు. అందుకని నాకు చేతనైన పని చేశాను. మొహం నిండా ఆందోళన తెచ్చిపెట్టుకున్నాను.

"సార్, ఎంత ఘోరం జరిగింది సార్! ఇది మీ గదిలో, మీ ముందు కూర్చుని, మీ ఒక్కరి ఫ్లాపీలో పెట్టిందే. ఇంకెవరి దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. మీ గదిలో దొంగ పడ్డాడు సార్! సొరుగులో ఇంకేమేం పోయాయో ఏమో. ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేసేస్తాను, వేలిముద్రలు తీస్తారు."

లేచి ఫోను మీద చెయ్యి వేశాను. కరస్పాండెంట్ గారు నోరు తెరిచేలోపు షాపు ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"బావా, పోలీసులెందుకు బావా? వద్దని చెప్పు!"

ఆయనకి బావమరిది వరసని మాలో ఒక్కరికీ తెలియదు. మార్టూరాయన మాత్రం మెల్లగా, అందరికీ వినపడేలా, "కంచే చేను మేసిందక్కాయ్" అన్నాడు. కరస్పాండెంట్ గారు పంచె సర్దుకుని లేచారు. "ఏదో పొరపాటు జరిగినట్టుంది. మీటింగు అయిపోయింది" అని తలుపు దాకా వెళ్ళి, మూలన నిలబడ్డ జూనియర్ వైపు చూడకుండా, "నీ కాగితం సాయంత్రం తీసుకెళ్ళు" అన్నారు.

తీసుకున్నాడు. పర్మనెంటు చేసిన కాగితమే. షాపులో ఆ పెట్టెలు మళ్ళీ కనిపించలేదు. పొన్నూరు మాస్టారూ మార్టూరాయనా ఎప్పటిలా ముక్కలు పంపడం మొదలెట్టారు, ఎప్పటిలాగే ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పారు. టీచరమ్మ గారికి రాహువు లేని ప్యాకేజీ ఆ రోజే ఎక్కించి, బస్సెక్కించాను. నాకు ఆ ఏడు ఇంక్రిమెంటు రాలేదు. ఎందుకని నేనూ అడగలేదు, వారూ చెప్పలేదు.

ఆ సాయంత్రం సెంటరు తాళం వేస్తుంటే జూనియర్ సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాగితం చొక్కా జేబులోంచి కనిపిస్తోంది.

"మేడమ్, ఒకటడుగుతాను. మీరు నన్ను అనుమానించారు కదా?"

తాళం లాగి చూశాను. అబద్ధం చెప్పొచ్చు, చెప్పబుద్ధి కాలేదు.

"అనుమానించాను."

"నన్నొక్కణ్ణేనా?"

"లేదయ్యా. మాస్టారిని, మార్టూరాయన్ని, నన్ను నేను కూడా."

అతని మొహంలో ఏదో సడలింది. వారం తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూశాడు. "అయితే పర్లేదు మేడమ్. కరస్పాండెంట్ గారు నన్నొక్కణ్ణే దొంగని చేశారు. అదే తట్టుకోలేకపోయాను."

నాకు దాచుకోబుద్ధి కాక చెప్పేశాను. "నిజం చెప్పనా? అందర్నీ అనుమానించానయ్యా. ఒక్క కరస్పాండెంట్ గారిని తప్ప. ఆయన వైపు నా బుర్రే పోలేదు."

అతను సైకిల్ ఎక్కుతూ చిన్నగా నవ్వాడు.

"ఈసారి ఆయన్ని కూడా లెక్కలో వేసుకోండి మేడమ్."